దేవుడి పాటకు కరెంటు తగిలితే అపచారమా?

అమీర్‌పేటలో మా ఇల్లు రోడ్డు మీదే. కిటికీ తీస్తే చాలు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, మెట్రో రైలు చప్పుడు. మొన్న ఆదివారం ఆ మోత చాలదన్నట్టు మా అమ్మాయి అన్నమయ్య కీర్తన పాడి, కంప్యూటర్లో దాని కింద ఏవో 'జుమ్‌మ్' మనే శబ్దాలు చేర్చింది. మా అత్తగారికి ఒళ్లు మండింది. "దేవుడి పాటకి ఈ కరెంటు మోతలేమిటే?" అన్నారు.

"మరి మాండొలిన్ శ్రీనివాస్ వాయించింది కరెంటు వాయిద్యం కాదా నాయనమ్మా?" అంది మా అమ్మాయి. పాలకొల్లులో పుట్టిన ఆయనంటే అత్తగారికి ప్రాణం. మాట్లాడలేకపోయారు.

ఆ సాయంత్రం మా అమ్మాయి నాకు షీలా చంద్ర పాటలు వినిపించింది. ఈమె 1965లో లండన్‌లో, దక్షిణ భారత కుటుంబంలో పుట్టారు. 1982లో, పదిహేడేళ్ల వయసులో 'మన్సూన్' బృందంతో పాడిన 'ఎవర్ సో లోన్లీ' బ్రిటన్ పాటల పట్టికలో 12వ స్థానానికి వెళ్లింది. సంగీతం ఎలా ఉండాలన్న దగ్గర రికార్డు కంపెనీతో పేచీ వచ్చి బృందం విడిపోయింది. ఆమె మాత్రం తన దారి వదల్లేదు. 1985లో చేసిన ఆల్బం పేరేమిటో తెలుసా? 'నాదబ్రహ్మ'! మృదంగం జతుల్ని నోటితో పలికే కొన్నక్కోల్‌తో ప్రయోగాలు చేశారు. 1992 నాటి ఆల్బంలో కేవలం శ్రుతిని తోడు పెట్టుకుని, మన గమకాలనూ ఐర్లాండ్ బాణీలనూ ఒకే గొంతులో కలిపారు. 1996లోనైతే శ్రుతినాదాన్నే పాటగా మలిచారు. ఇవి అచ్చంగా భజనలు కావు. కానీ కళ్లు మూసుకుని వింటే గుళ్లో కూర్చున్నట్టే ఉంటుంది.

ఆ తర్వాత సంగతి వింటే నా మనసు చివుక్కుమంది. 2010 నాటికే నోటి మంట జబ్బుతో ఆమె పాట ఆగిపోయింది. పాడినా, మాట్లాడినా భరించలేని నొప్పట.

నాకే జబ్బూ లేదు. పెళ్లికి ముందు పంజాగుట్టలో ఒక టీచరుగారి దగ్గర ఆరేళ్లు నేర్చుకున్నాను. తర్వాత వంట, పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు. ఎవరూ వద్దనలేదు, నేనే మానేశాను. అన్నయ్య కొనిచ్చిన ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె బీరువాలోనే ఉండిపోయింది. బెంగుళూరు ఇంజనీరు జి. రాజ్ నారాయణ్ 1979లో ఇలాంటి పెట్టె తయారుచేసిన దగ్గర్నుంచి, తంబూరా మీటేవాళ్లు లేని ఆడవాళ్లెందరో వంటింటి పక్కన కూర్చునే సాధన చేసుకున్నారు. కరెంటుదని దేవుడేమైనా కోప్పడ్డాడా?

మర్నాడు పొద్దున్నే పెట్టె దుమ్ము దులిపి కూర్చున్నాను. గొంతు పెగల్లేదు, పైస్థాయి అందలేదు. పూజగదిలోంచి అత్తగారు, "ఆ రెండో చరణం మళ్లీ పాడు, మాట మింగేశావు" అన్నారు. ఆపమనలేదు సుమా!

మీ బీరువాలోనూ అలాంటి పెట్టె ఉందేమో, ఓసారి తీసి చూడండి.