గొట్టంలో ఏముందో గుర్తుందా?

అడవి పందులు మొక్కజొన్న చేలో పడ్డాయంటే తెల్లారేసరికి కంకి మిగలదు. మహానంది, రుద్రవరం, అహోబిలం వైపు నల్లమల అంచున సేద్యం చేసేవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం కూడా ఈ బాధను గుర్తించింది. నిజంగా పంట కాపలా కోసమే అయితే, మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని అందులోని 13వ సెక్షన్ చెబుతుంది. అయితే కంపెనీ తూటాలో మందును యంత్రం కొలిచి పోస్తుంది, తనిఖీ చేసేవాళ్లు వేరే ఉంటారు. మూతి నుంచి కూరే తుపాకికి కొలిచేదీ, తనిఖీ చేసేదీ మంచె మీద చీకట్లో కూర్చున్న ఆ ఒక్క మనిషే. అందులోనూ నిద్ర కాచుకుని ఉన్న మనిషి.

నల్లమందులో ఉండేవి సురేకారం, బొగ్గు, గంధకం. వెయ్యేళ్ల కిందటే చైనావాళ్లకు తెలిసిన మిశ్రమం ఇది. మండటానికి కావలసిన ఆక్సిజన్ సురేకారంలోనే ఉంటుంది కాబట్టి, గాలి ఆడని గొట్టంలో కూడా మందు అంటుకుంటుంది. ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ మందును మూసిన పాత్రల్లో కాల్చి, 1875లో ఫలితాలు ప్రకటించారు. మండిన మందు బరువులో సగం కూడా వాయువుగా మారదని, మిగిలిందంతా ఘనపదార్థమేనని వాళ్లు తేల్చారు. తుపాకి పేల్చినప్పుడు కమ్ముకునే తెల్లటి పొగ అదే. గొట్టం లోపల గోడలకు పట్టే మసీ అదే. ఆ మసి గాలిలో తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. బయటికి నిగనిగలాడే గొట్టం లోపల తుప్పు పట్టి పలచబడి ఉండొచ్చు.

మసికి అంతకంటే చెడ్డ గుణం ఇంకొకటి ఉంది. పేల్చిన కాసేపటి దాకా అందులో నిప్పు రవ్వ దాగి ఉండవచ్చు. పంది మళ్లీ వచ్చిందని ఆత్రంగా డబ్బా వంచి మందు పోస్తే, లోపలి రవ్వ అంటుకుని మంట మూతి గుండా పైకి ఎగజిమ్ముతుంది. మంట డబ్బాకు పాకితే చేయి, ముఖం రెండూ పోతాయి. మూతి తుపాకులు వాడే చోటల్లా పాతవాళ్లు డబ్బాను గొట్టం దగ్గరికి రానివ్వకపోవడానికి కారణం ఇదే.

మందు ఎక్కువైతే ఏమవుతుంది? దెబ్బ కొంచెం గట్టిగా తగులుతుంది, అంతేగా అనుకునేవాళ్లు చాలామంది. ఈ లెక్క దగ్గరే ప్రాణాలు పోతున్నాయి. మందు ఒకే వేగంతో మండదు. చుట్టూ ఒత్తిడి పెరిగేకొద్దీ మండే వేగమూ పెరుగుతుంది. వేగం పెరిగితే వాయువు ఇంకా త్వరగా పుడుతుంది, దాంతో ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. 1884లో పొగ రాని తుపాకి మందును తయారుచేసిన ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ వియెయ్ ఈ సంబంధాన్ని సూత్రంగా రాశాడు. దాని ప్రకారం మందు పిడికెడు పెరిగితే ఒత్తిడి పిడికెడుతో ఆగదు. మామూలు 12 బోరు తూటా పేలినప్పుడే గొట్టంలో ఒత్తిడి చదరపు అంగుళానికి 11,500 పౌండ్ల దాకా వెళ్లవచ్చు. అంటే కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి సుమారు 350 రెట్లు. మంచి ఉక్కు, సరైన మందం, పరీక్షించిన గొట్టం ఉంటేనే అది భరిస్తుంది. నీళ్ల పైపు కోసి చేసిన నాటు గొట్టానికి ఆ పరీక్ష ఎవరూ చేసి ఉండరు. అది మొదటిసారి పేలినప్పుడే దాని పరీక్ష జరుగుతుంది. అప్పుడు దాని వెనక ఒక మనిషి చెంప ఆనించి ఉంటాడు.

పొగ రాని మందు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. నల్లమందుకూ దీనికీ పోలికే లేదు. ఇది నైట్రోసెల్యులోజ్. అదే కొలతలో ఎంతో ఎక్కువ శక్తి దాచుకున్నది. చేతికి దొరికిన తూటా విప్పి, అందులోని పొడిని మూతి తుపాకిలో పోసుకోవడం అన్ని తప్పుల్లోకీ మహా తప్పు. రెండూ నల్లగానే కనిపించవచ్చు. గొట్టానికి మాత్రం తేడా తెలిసిపోతుంది.

కొలత తప్పడం ఒక ఎత్తు, మరపు ఇంకో ఎత్తు. 1863లో అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ దగ్గర పోరు ముగిశాక మైదానంలో పడి ఉన్న తుపాకులను పోగుచేశారు. వాటిలో దాదాపు 24 వేలు మందు కూరి ఉన్నవే. సగానికి సగం రెండేసి సార్లు కూరినవి. ఒక తుపాకిలోనైతే ఏకంగా 23 సార్లు ఒకదానిమీద ఒకటి దట్టించి ఉంది. కవాతులో ఆరితేరిన సైనికులే భయంలో, గోలలో తాము కూరారో లేదో, పేలిందో లేదో మరిచిపోయారు. రాత్రంతా జాగారం చేసిన రైతుకు మరపు రాదని ఎలా అంటాం? మూతి తుపాకిని పైనుంచి చూస్తే నిండుగా ఉందో ఖాళీగా ఉందో తెలియదు. పంది రాలేదు, తెల్లారింది, తుపాకి ఇంటికొచ్చి గోడ మేకుకు వేలాడింది. లోపల నిన్నటి మందు అలాగే ఉంది. కూరింది బయటికి తీయడం కూరడం కంటే కష్టం కాబట్టి రేపు చూద్దాంలే అని వదిలేస్తారు. ఆ రేపటికి ముందే దాన్ని ఇంట్లో పిల్లలు అందుకోవచ్చు.

మందుకూ గుండుకూ మధ్య ఖాళీ మిగిలినా ప్రమాదమే. గుండు సగం దారిలో ఇరుక్కుంటే, మందు అంటుకోగానే వాయువు ఆ ఖాళీలో ఊపందుకుని వచ్చి గుండును ఢీకొంటుంది. గుండు కదిలేలోపే ఆ చోట గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. ఇంట్లో మళ్లీ నింపుకున్న తూటాలతోనూ ఇదే జరుగుతుంది. మందు పడని తూటాను పేలిస్తే, వెనకాల ఉన్న చిన్న టోపీ దెబ్బకే గుండు కొంత దూరం జరిగి గొట్టంలో ఆగిపోతుంది. టప్‌మని సన్నటి చప్పుడు తప్ప ఏమీ ఉండదు. తూటా తుస్సుమందనుకుని వెంటనే ఇంకోటి పేలిస్తే గొట్టం పగులుతుంది. విదేశాల్లో ఇంటి దగ్గరే తూటాలు నింపుకునే అలవాటు ఉన్నవాళ్లకు మొదట నేర్పే పాఠం ఇదే. చప్పుడు తేడాగా వస్తే చేయి ఆపాలి, గొట్టం ఖాళీ అని తేలేదాకా మళ్లీ పేల్చకూడదు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడమే నేరం.

నంద్యాల, ఆళ్లగడ్డ అనగానే బయటి జిల్లాలవాళ్లకు నాటుబాంబులు గుర్తుకొస్తాయి. అందులో సినిమాల పుణ్యం కొంత, నిజంగా జరిగిన ఫ్యాక్షన్ చరిత్ర కొంత. సినిమాలో బాంబు విసిరినవాడి చేయి దాటాకే పేలుతుంది. చుట్టేవాడి చేతిలో పేలిన బాంబుకు సినిమాలో చోటుండదు. కత్తికి పక్షపాతం ఉంటుందేమో గానీ, రాపిడికి పేలే మందుకు మనవాడు, పగవాడు అన్న తేడా లేదు.

ఆ మందు కథ చాలా పాతది. సురేకారం బదులు పొటాషియం క్లోరేట్ వాడితే ఇంకా బలమైన మందు వస్తుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్తొలే అనుకున్నాడు. 1788 అక్టోబరులో పారిస్ దగ్గర ఎస్సోన్‌లో మరలో వేసి నూరించారు. అది పేలి ఇద్దరు చనిపోయారు. సురేకారం చాలా వేడెక్కితే గానీ ఆక్సిజన్ వదలదు, క్లోరేట్‌కు అంత ఓపిక లేదు. గంధకం తోడైతే రుద్దినా, తట్టినా చాలు. తేమ తగిలిన గంధకంలో కొంచెం ఆమ్లం పుట్టినా, ఎవరూ ముట్టకుండానే అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే క్లోరేట్, గంధకం కలిసిన మిశ్రమాల తయారీని, వాటిని దగ్గర ఉంచుకోవడాన్ని భారత ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. దెబ్బ తగిలితే పేలే సరుకు ఎంత పని చేస్తుందో 2024 అక్టోబరు 31న ఏలూరు చూసింది. దీపావళి రోజు స్కూటరు మీద ఉల్లిపాయ బాంబులు తీసుకెళ్తుంటే బండి గుంతలో పడింది. ఒకరు అక్కడికక్కడే పోయారు, ఆరుగురు గాయపడ్డారు. అందుకు రోడ్డు మీద ఒక గుంత సరిపోయింది.

ఈ సరుకు పాతబడితే బలం తగ్గుతుందిలే అన్న ధీమా కూడా పనికిరాదు. పొగ రాని మందులోని నైట్రోసెల్యులోజ్ తనంతట తానే మెల్లగా విచ్ఛిన్నమవుతుంటుంది. ఎండ పెరిగితే ఆ వేగం పెరుగుతుంది. 1911 సెప్టెంబరు 25న ఫ్రాన్స్‌లోని తులాన్ రేవులో లిబెర్టే అనే యుద్ధనౌక ఇలా చెడిపోయిన మందు వల్లే పేలిపోయి, సుమారు 300 మంది చనిపోయారు. నౌకాదళం చేతిలో, కాపలా ఉన్న గదుల్లో ఉన్న మందుకే ఆ గతి పట్టింది. మే నెలలో 45 డిగ్రీలు దాటే నంద్యాలలో రేకుల ఇంటి అటక మీద పెట్టిన డబ్బాకు ఏ గతి పడుతుందో ఊహించుకోవచ్చు. లైసెన్సు ఉన్న పనుల్లోనే నియమం తప్పితే క్షమాపణ లేదు. నల్లమల అవతల, కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె గనుల దగ్గర 2021 మే 8న జిలెటిన్ స్టిక్స్ పేలి పదిమంది చనిపోయారు.

ఇంట్లో లైసెన్సు తుపాకి ఉంటే, అది ఖాళీగా ఉందన్న నమ్మకంతో ఎవరినీ ముట్టనివ్వకండి. కూరి ఉందని అనుమానం వస్తే చువ్వ పెట్టి పొడిచి తీయాలని చూడకండి, లైసెన్సున్న ఆయుధాల దుకాణం వాళ్లకు చెప్పండి. ఎన్నికల వేళ స్టేషనులో అప్పజెప్పే తుపాకులకూ ఇదే వర్తిస్తుంది, లోపల మందు ఉంటే ముందే పోలీసులకు చెప్పాలి. తాతల నాటి మందు డబ్బా బయటపడితే దాన్ని సంచిలో వేసుకుని బండి మీద పోలీసు స్టేషనుకు తేవద్దు, పోలీసులనే ఇంటికి పిలవండి. పొలం దున్నేటప్పుడో, గడ్డివాము తీసేటప్పుడో, అడవి అంచున పశువులు మేపేటప్పుడో దారం చుట్టిన ఉండలాంటిది కనిపిస్తే, అది నాటుబాంబు కావచ్చు. కాలితో తన్నకండి, కట్టెతో కదపకండి, నీళ్లు పోయకండి. పిల్లలనూ పశువులనూ దూరంగా తోలుకెళ్లి, ఆ చోటు గుర్తు పెట్టుకుని 112కు ఫోన్ చేయండి.