పింగళి నాగేంద్రరావు: పెట్టెలోంచి బయటపడే మనసులు

సినీ రచయిత పింగళి నాగేంద్రరావు 1901 డిసెంబరు 29న బొబ్బిలి దగ్గరి రాజాంలో పుట్టారు. పెరిగింది, చదివింది బందరులో. ఖరగ్‌పూర్‌లో కొన్నాళ్లు రైల్వే ఉద్యోగం చేసి, తిరిగొచ్చాక కృష్ణా పత్రికలో పనిచేస్తూ ద్విజేంద్రలాల్ రాయ్ బెంగాలీ నాటకాలను తెలుగు చేశారు. డి.వి.సుబ్బారావు నాటక సంస్థ కోసం ‘వింధ్యరాణి’ వంటి నాటకాలు రాశారు. ఏ మాటకు జనం చప్పట్లు కొడతారో, ఎక్కడ విసుగుపడతారో ఆయనకు నేర్పింది ఆ రంగస్థలమే. సినిమాల్లో నిలదొక్కుకునేసరికి వయసు నలభై దాటింది.

దశ తిప్పింది దర్శకుడు కె.వి.రెడ్డితో కుదిరిన జోడీ. ‘గుణసుందరి కథ’ (1949)కు మూలం షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’. ముగ్గురు కూతుళ్లు, తండ్రి కోపం మాత్రం ఉంచుకుని, పింగళి దాన్ని మన పతివ్రత కథగా మార్చేశారు. ‘పాతాళభైరవి’ (1951)కి కాశీమజిలీ కథల నుంచి స్ఫూర్తి తీసుకున్నారు. నేపాళ మాంత్రికుడు నోరారా పిలిచే ‘డింభకా’ అన్న పిలుపు సినిమా దాటి వీధుల్లోకి వచ్చేసింది.

ఆయన ప్రతిభ పూర్తిగా కనబడేది ‘మాయాబజార్’ (1957)లో. పాండవులను ఒక్కసారైనా తెరమీదికి తేకుండా భారత కథ నడపడం మామూలు ధైర్యం కాదు. అందులో ప్రియదర్శిని పేటిక సన్నివేశం చూడండి. మూత తీసినవారికి తమకు ఇష్టమైనది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని! ముందుముందు ఎవరు ఎటు మొగ్గుతారో, శశిరేఖ పెళ్లి ఎందుకు తలకిందులవుతుందో, కృష్ణుడి చూపు ఎవరి మీదుందో ఆ ఒక్క పెట్టెతో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. చివర్లో, ఎక్కినవారితో నిజం పలికించే సత్యపీఠం ఎక్కిన శకుని తన కుట్రంతా తానే కక్కేస్తాడు. మనసులో దాగినదాన్ని కంటికి కనిపించే వస్తువుతో బయటపెట్టించడం పింగళి పద్ధతి. స్క్రీన్‌ప్లే నేర్చుకునేవారు ముందుగా చదవాల్సిన పాఠం ఇదే.

మాటల పుట్టుక కూడా అందులో కథలో భాగమే. రాక్షస శిష్యుల నోట ‘అసమదీయులు’కు జోడీగా ‘తసమదీయులు’ పుడితే ఘటోత్కచుడు దాన్ని మెచ్చుకుంటాడు. విడిదింట్లో ‘తల్పం’ పక్కన ‘గిల్పం’, ‘కంబళి’ పక్కన ‘గింబళి’ చేరతాయి. అర్థం చెప్పకపోయినా అవి వినగానే తెలుగు మాటల్లాగే అనిపిస్తాయి.

పాటల్లోనూ ఆయన చెయ్యి అంతే తేలిక. ‘మిస్సమ్మ’ (1955)కు మాటలు చక్రపాణివి, ‘గుండమ్మ కథ’ (1962)కు నరసరాజువి. రెంటికీ పాటలు పింగళివే. ‘జగదేకవీరుని కథ’ (1961), ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962), ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ (1963) కూడా ఆయన కలం నుంచి వచ్చినవే. పెళ్లి చేసుకోకుండా జీవితమంతా రచనకే ఇచ్చిన పింగళి 1971 మే 6న కన్నుమూశారు.