టెన్నిసు ఆటకు అమెరికా విద్యార్థివేతనము: తల్లిదండ్రులు తెలిసికొనవలసిన లెక్క

ఉయ్యూరు పేరు వినగానే మన చెఱకు రైతులకు చక్కెర మిల్లు జ్ఞప్తికి వచ్చును. ఆ యూర 1987లో జన్మించిన మైనేని సాకేత్‌ను పత్రికలు విశాఖపట్టణపు ఆటగాడనియే వ్రాయుచుండును. ఇతడు అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయమున చదువుచు, ఆ విద్యాలయపు జట్టున టెన్నిసు ఆడెను. పిమ్మట 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడలయందు సానియా మీర్జాతో కలిసి మిశ్రమ డబుల్సులో స్వర్ణమును, సనమ్ సింగ్‌తో కలిసి పురుషుల డబుల్సులో రజతమును గైకొనెను. ఆ సనమ్ సింగ్ కూడ వర్జీనియా విశ్వవిద్యాలయపు జట్టున ఆడినవాడే.

ఇట్టి వార్తలు చదివిన యెలమంచిలి ప్రాంతపు తల్లిదండ్రులు కొందఱు, తమ పిల్లలకును అమెరికాలో ఉచితముగా చదువు దొరకునా యని యడుగుచున్నారు. సాగు పనులు చూపుచు గ్రామములు తిరుగువానిని ఈ ప్రశ్న యడుగుట కొంత వింతయే. అయినను అందు భూమి తాకట్టు మాట యున్నది గనుక త్రోసివేయజాలను.

ముందుగా "ఉచితము" అను మాటను పరిశీలింపవలెను. 2025వ సంవత్సరము వరకు అచ్చటి మొదటి శ్రేణి కళాశాలలలో పురుషుల టెన్నిసు జట్టునకు ఈయదగిన వేతనములు మొత్తము నాలుగున్నర మాత్రమే. ఎనమండుగురు పదిమంది బాలురు ఆ నాలుగున్నరనే పంచుకొనుచుండిరి. స్త్రీల జట్టునకు ఎనిమిది పూర్తి వేతనములుండెను. కావున పూర్తి వ్యయము దొరకు అవకాశము బాలికకే హెచ్చు. మన యిండ్లలో రాకెట్టు ముందుగా బాలుని చేతికే యిత్తుము! 2025లో న్యాయస్థానము ఆమోదించిన యొక ఒడంబడికచే ఈ లెక్క మారినది. దానికి లోబడిన విద్యాలయములలో జట్టునకు పదిమంది పరిమితి. పదిమందికిని వేతనము ఈయవచ్చును. ఈయవచ్చుననుటయే గాని, ఈయవలెనని లేదు. మూడవ శ్రేణి కళాశాలలలోనో, ఆటకై వేతనమే లేదు.

సంవత్సరపు వ్యయము 50,000 డాలర్లనుకొందము. సగము వేతనము వచ్చినచో మిగిలినది 25,000. నాలుగేండ్లకు లక్ష డాలర్లు. ఈ సొమ్మును అచ్చట కూలి చేసి సంపాదింపవచ్చునని కొందఱు చెప్పుదురు. అది సరికాదు. విద్యార్థి వీసాపై బోయినవాడు ప్రత్యేకానుమతి లేక కళాశాల ప్రాంగణము వెలుపల పని చేయరాదు. లోపలనైనను పాఠములు జరుగు కాలమున వారమునకు 20 గంటలకు మించరాదు. ఉదయము వ్యాయామము, పగలు పాఠములు, సాయంకాలము ఆట గలవానికి ఆ 20 గంటలు మాత్రము ఎక్కడివి? పైగా మొదటి సంవత్సరపు ద్రవ్యము ఉన్నట్లు వీసాకు ముందే చూపవలెను. కావున ఏజెంటు నోటిమాట నమ్మి పల్లపు భూమిని తాకట్టు పెట్టకుడు. కళాశాల పంపు పత్రమును తెలిసినవారిచే చదివించుకొనుడు. జీతము, బస, భోజనము, పుస్తకములు, వీనిలో ఏవి చేరినవి? ఎన్ని సంవత్సరములకు? మోకాలు దెబ్బతిని ఆట మానినచో వేతనము నిలుచునా? పత్రమే రానిచో వేతనము లేదనియే యెంచుడు.

ఇక చదువు. మొదటి శ్రేణిలో ఆడుటకు 9వ తరగతి మొదలు 12వ తరగతి వరకు ముఖ్య విషయములలో 16 పాఠ్యాంశములు ముగించి, వానిలో తగిన సగటు మార్కులు తెచ్చుకొని యుండవలెను. ఇంటర్మీడియెటు మార్కులే చాలుననుకొని 9వ తరగతి పత్రములను పారవేయువారున్నారు. అవి జాగ్రత్తగా నుంచవలెను. ఆంగ్లభాషా పరీక్షయు సామాన్యముగా అవసరమే.

కోచ్‌లకు ఉత్తరము వ్రాయుటకు దళారి అక్కఱలేదు. ఆటగాడే స్వయముగా తన యు.టి.ఆర్. అంకెను, పోటీల ఫలితములను, కత్తిరింపులు లేని ఒక ఆట వీడియోను పంపవచ్చును. దీనికి ఖర్చు అత్యల్పము. బహుమతి ద్రవ్యము విషయమున మాత్రము నియమములు తరచుగా మారుచున్నవి గనుక, ఏ పోటీలోనైనను సొమ్ము పుచ్చుకొనుటకు ముందే ఆనాటి నియమమును కళాశాలవారినుండి వ్రాతమూలకముగా తెప్పించుకొనవలెను.