పరాయి మైదానంలో అతిథి అభిమాని.. ఆట చూడాలన్నా ఆంక్షలే

కరీంనగర్: ఐరోపా ఫుట్‌బాల్ పోటీలను టీవీలో తిలకించే వారికి ఒక దృశ్యం పరిచితమే. వేలాది మందితో కిక్కిరిసిన మైదానంలో ఒక మూలన మాత్రం వేరే రంగు చొక్కాలు, వేరే జెండాలు కనిపిస్తాయి. ఆ మూలకు ఇరువైపులా ఖాళీ కుర్చీల వరుసలు, వాటి పక్కనే రంగు కోట్లు ధరించిన సిబ్బంది ఉంటారు. ఊరు కాని ఊరు నుంచి, ఒక్కోసారి దేశం కాని దేశం నుంచి తమ జట్టు వెంట వచ్చిన అభిమానులు కూర్చునే చోటది. చదువుల కోసం బ్రిటన్, జర్మనీ వెళ్లిన మన యువకులకూ ఈ ఆటపై మోజు పెరుగుతోంది. అక్కడి మైదానాల కట్టుబాట్లు మన క్రికెట్ స్టేడియాల వంటివి కావని తెలుసుకోవడం వారికి అవసరం.

విషాదం నేర్పిన పాఠం

ఈ ఎడబాటు ఎంత అవసరమో 1985 మే 29న బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లోని హీసెల్ స్టేడియంలో తెలిసివచ్చింది. ఇంగ్లండ్‌కు చెందిన లివర్‌పూల్, ఇటలీకి చెందిన యువెంటస్ జట్లు ఆ రోజు యూరోపియన్ కప్ ఫైనల్లో తలపడాల్సి ఉంది. స్థానికుల కోసమని ఉంచిన తటస్థ విభాగంలోని టికెట్లు అధిక భాగం ఇటలీ అభిమానుల చేతికి చేరాయి. పక్కనే ఉన్న లివర్‌పూల్ అభిమానులకు, వారికి నడుమ ఉన్నది నాసిరకం కంచె మాత్రమే. లివర్‌పూల్ వర్గం దూసుకురావడంతో జనం ఒక గోడ వైపు పరుగు తీశారు. తొక్కిసలాటలో గోడ కూలింది. 39 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇంగ్లండ్ క్లబ్బులను ఐరోపా పోటీల నుంచి 5 సంవత్సరాలు వెలివేశారు. లివర్‌పూల్‌కు మరో ఏడాది అదనం. తటస్థ విభాగం అన్న మాట కాగితం మీద ఎంత బాగున్నా, టికెట్టు ఎవరి చేతికి వెళ్లిందన్నదే అసలు ప్రశ్న. నాటి నిర్వాహకులు దానిని పట్టించుకోలేదు.

నాలుగేళ్లకు 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో హిల్స్‌బరో దుర్ఘటన జరిగింది. అక్కడ కలహమేమీ లేదు. పోలీసుల నిర్వహణ లోపంతో లివర్‌పూల్ అభిమానులు కంచెల నడుమ నలిగిపోయారు. మృతుల సంఖ్య 97. అభిమానులదే తప్పన్న ప్రచారాన్ని తప్పని తేల్చడానికి వారి కుటుంబాలు దశాబ్దాల పాటు పోరాడాల్సి వచ్చింది.

టికెట్టు దొరకడమే గగనం

అతిథి జట్టు టికెట్లను సాధారణంగా ఆ జట్టు క్లబ్బే తన సభ్యులకు అమ్ముతుంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆతిథ్య జట్టు 3,000 టికెట్లు, చిన్న మైదానమైతే సామర్థ్యంలో 10 శాతం ఇవ్వాలి. ఐరోపా సమాఖ్య యూఈఎఫ్ఏ పోటీల్లో ఇది 5 శాతం. గతంలో ఎన్ని మ్యాచ్‌లకు వెంట వెళ్లారన్న లెక్కను బట్టి ప్రాధాన్యం ఇచ్చే క్లబ్బులు అనేకం. నిన్నగాక మొన్న విమానం దిగిన విద్యార్థికి పెద్ద జట్ల విషయంలో అవకాశం దాదాపు శూన్యం.

ధరల విషయంలో మాత్రం అభిమానుల సంఘాలు గెలిచాయి. ప్రీమియర్ లీగ్‌లో అతిథి అభిమాని టికెట్టు 30 పౌండ్లు మించరాదన్న నిబంధన 2016లో వచ్చింది. చాంపియన్స్ లీగ్‌లో ఈ గరిష్ఠ ధర 2024-25లో 60 యూరోలు, 2025-26లో 50 యూరోలు. పక్కనే కూర్చున్న స్థానికుడు అంతకు ఎక్కువే చెల్లించి ఉండవచ్చు.

అడ్డదారిలో ఆతిథ్య జట్టు విభాగంలో టికెట్టు సంపాదించి కూర్చునే వారూ ఉన్నారు. తమ జట్టు చొక్కా వేసుకున్నా, గోల్ పడగానే లేచి కేకలు వేసినా సిబ్బంది బయటకు పంపుతారు. డబ్బు వాపసు రాదు. వీధిలో టికెట్లు అమ్మే వారి నుంచి కొనడం మరీ ప్రమాదం. ఇంగ్లండ్, వేల్స్‌లో అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్టు తిరిగి అమ్మడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. ఇటలీలో టికెట్టుపై పేరు ఉంటుంది, గుర్తింపు పత్రం చూపాలి. కాబట్టి మనవారికి పాస్‌పోర్టు తప్పనిసరి.

దేశానికో తీరు

ఇంగ్లండ్‌లో మైదానం కనిపించే చోట మద్యం సేవించడం 1985 నుంచి నిషిద్ధం. అభిమానులను తీసుకెళ్లే అద్దె బస్సుల్లోనూ అంతే. జర్మనీలో బీరు గ్లాసుతోనే ఆట చూడవచ్చు, లీగ్ పోటీల్లో నిలబడీ చూడవచ్చు. అక్కడ చాలా క్లబ్బుల మ్యాచ్ టికెట్టే స్థానిక రైలు, బస్సు టికెట్టుగా చెల్లుతుంది. ఈ ఒక్క ఏర్పాటు కొత్తవారికి చేసే మేలు చిన్నది కాదు. అర్జెంటీనా మరో కొస. హింస పెచ్చుమీరడంతో 2013లో అక్కడ లీగ్ పోటీలకు అతిథి అభిమానుల రాకనే నిషేధించారు. 2025లో కొన్ని పోటీలకు సడలింపునిచ్చారు.

ప్రపంచకప్ తీరు వేరు. అక్కడ ఇరుపక్షాల వారు చాలావరకు కలిసే కూర్చుంటారు. 2022లో ఖతార్‌లో స్థానికంగా నివసించే వారికి తొలి దశ టికెట్లు 40 రియాళ్లకే లభించాయి. అక్కడ పనిచేసే వలస కార్మికులకూ అవి అందుబాటు ధరే.

నేరం ఎవరిది?

నియమాలన్నీ పాటించినా అతిథికి రక్షణ ఉంటుందని చెప్పలేం. 2022 మే 28న పారిస్ శివార్లలో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు సక్రమమైన టికెట్లతో వచ్చిన లివర్‌పూల్ అభిమానులు గేట్ల వద్ద ఇరుక్కుపోయారు. పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. పిల్లలు, వృద్ధులు సైతం ఆ పొగలో చిక్కుకున్నారు. ఆట 36 నిమిషాలు ఆలస్యమైంది. నకిలీ టికెట్లే కారణమని అధికారులు వెంటనే ప్రకటించారు. 2023 ఫిబ్రవరిలో వెలువడిన స్వతంత్ర విచారణ నివేదిక మాత్రం ప్రధాన బాధ్యత పోటీ నిర్వహించిన యూఈఎఫ్ఏదేనని తేల్చింది. పొరుగు దేశం నుంచి వచ్చినవాడిని ముందుగా అనుమానితుడిగా చూసే అలవాటు ఎంత ప్రమాదకరమో ఆ రాత్రి రుజువైంది.

వెళ్లదలచిన వారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఐరోపాలో అనేక చోట్ల ఆట ముగిశాక అతిథి అభిమానులను వెంటనే వదలరు. స్థానికులు వెళ్లిపోయే వరకు అరగంట, ఒక్కోసారి గంట సేపు లోపలే ఆపుతారు. పోటీ రాత్రి 9 గంటలకు మొదలైతే చివరి రైలు దాటిపోవడం ఖాయం. బస ఏర్పాటు ముందే చూసుకోవాలి.