సముద్రపు చేపల తొట్టె: ముందు నీరు, తరువాతే చేప

పిల్లలు ముచ్చటపడ్డారని ఒకే రోజున తొట్టె, ఉప్పునీరు, చేపలు అన్నీ తెచ్చి పెట్టుకునేవారున్నారు. వారం తిరగకుండానే చేపలు చనిపోతాయి. జబ్బు చేపలను అంటగట్టాడని అంగడివానిని నిందిస్తాము. చాలా సందర్భాలలో లోపం చేపలో కాదు, నీటిలో ఉంటుంది.

నీరు సిద్ధం కావడం

చేపల విసర్జనము, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. ఒక రకపు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, మరొక రకం నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు అంత హానికరం కాదు. ఈ సూక్ష్మజీవులు రాళ్లలో, ఇసుకలో నెలకొనడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. తోడు వేసిన పాలు పెరుగయ్యే వరకు ఆగినట్లే ఇక్కడా ఆగాలి. అంతవరకు చేపలు లేకుండానే అప్పుడప్పుడు చిటికెడు మేత వేస్తూ, అమ్మోనియా, నైట్రైటు సున్నాకు దిగిన పిమ్మట ఒకటి రెండు చేపలతో ఆరంభించాలి.

ఏ నీరు, ఏ ఉప్పు?

వంట ఉప్పు దాదాపు సోడియం క్లోరైడు మాత్రమే. సముద్రజలంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడా ఉంటాయి. యానాం వంటి చోట సముద్రం దగ్గరే కదా అని నీరు తెచ్చి పోయడం మంచిది కాదు. అక్కడ గోదావరి నీరు కలుస్తుంది, వరదల కాలంలో ఉప్పదనం పడిపోతుంది. ఆర్.ఓ. నీటిలో అక్వేరియం ఉప్పును లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన కలపాలి.

నా మొదటి వేసవి పొరపాటును ఇక్కడ చెప్పాలి. నీటిమట్టం తగ్గినప్పుడల్లా ఉప్పునీరే పోస్తూ వచ్చాను. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది. నూరు లీటర్ల తొట్టెలో రోజుకు ఒక లీటరు ఆవిరైతే, పది రోజులలో 350 గ్రాముల ఉప్పు అదనంగా చేరి, లీటరుకు 35 గ్రాములు 38.5 అవుతుంది. రొయ్యలు చనిపోయిన తరువాత గాని ఈ లెక్క నాకు తట్టలేదు. తగ్గిన మేరకు మంచినీరే పోయాలి. ఉప్పదనం హెచ్చితే ఒక్కసారిగా కాక, కొన్ని రోజులపాటు మెల్లగా తగ్గించాలి.

లక్షణాలు, కారణాలు

చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే ప్రాణవాయువు చాలడం లేదేమో చూడాలి. కరెంటు పోయి పంపు ఆగినప్పుడు ఇలా జరుగుతుంది. బ్యాటరీ గాలిపంపు ఒకటి దగ్గర ఉంచుకోవాలి.

పువ్వులా విచ్చుకునే ఆనెమోనీ తెల్లబడితే ముందుగా వేడిని అనుమానించాలి. నీరు 24 నుండి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నీటిపై ఫ్యాను గాలి తగిలేలా చేస్తే కొంత చల్లబడుతుంది. అయితే నీరు త్వరగా తగ్గుతుంది.

చేప మేనిపై తెల్లచుక్కలు కనిపిస్తే రాగి మందు వాడతారు. దానిని వేరే తొట్టెలోనే వాడాలి. రాగి రొయ్యలను, పగడాలను చంపుతుంది.

పగడాల మాట

రాతి పగడాలకు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నది. మన్నార్ సింధుశాఖ నుండి గాని, మరే తీరం నుండి గాని వాటిని తీసుకొనిరావడం నేరం. చేపలలోనూ హేచరీలో పుట్టినవే ఎంచుకోవడం మేలు. మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు క్లౌన్ చేపలను హేచరీలో పెంచారు.

వారానికొకసారి ఉప్పదనం, వేడి, అమ్మోనియా కొలిచి నోటుపుస్తకంలో వ్రాయించండి. ఆ పని పిల్లలకే అప్పగించవచ్చు. మందు సీసా తీయడానికి ముందు ఆ పుస్తకం తెరవండి.