మధుపర్కాల తెలుపు: రీలు పోయి సెన్సర్ వచ్చాక ఫోటోగ్రాఫర్ పనిలో ఏం మారింది?

తెలుగు పెళ్ళిలో మధుపర్కాలు కట్టుకున్న జంటను ఫోటో తీయడం ఫోటోగ్రాఫర్‌కు అసలైన పరీక్ష. తెల్లటి నూలుబట్ట, దాని మీద వీడియో లైటు, పక్కనే పెళ్ళికూతురి నల్లటి జడ, పందిరి మూలన నీడలో నిలబడ్డ మేనమామ. ఇవన్నీ ఒకే ఫ్రేములో పడాలి. రీలు వాడిన రోజుల్లో అనుభవం ఉన్నవాళ్ళు ఇలాంటి చోట ఎక్స్‌పోజర్ కాస్త ఎక్కువే ఇచ్చేవారు. డిజిటల్ కెమెరాతో అదే పని చేస్తే బట్ట మడతలు, నేత, అన్నీ మాయమై వట్టి తెల్ల మచ్చ మిగులుతుంది. అందుకే ఇప్పటివాళ్ళు ముందు తెలుపును కాపాడుకొని, నీడలో ఉన్న మేనమామను తర్వాత కంప్యూటర్లో వెలుగులోకి తెస్తారు.

ఫిల్ము పోయి డిజిటల్ వచ్చిందంటే ఖర్చు తగ్గింది, వేగం పెరిగింది అని చెప్పుకుంటాం. అది నిజమే. కానీ వెలుతురును పట్టే పదార్థమే మారిపోయింది. దాంతో తప్పు జరిగే చోటు మారింది, జాగ్రత్త పడాల్సిన చోటూ మారింది. ఫోటోగ్రాఫర్ బతుకు మీద ఈ మార్పు ప్రభావం తెలియాలంటే రీల్లో ఏం జరిగేదో, సెన్సర్లో ఏం జరుగుతోందో చూడాలి.

వెండి చేసే పని

ఫిల్ము మీద ఉండే పూత జెలటిన్. అందులో సిల్వర్ బ్రోమైడ్ వంటి వెండి లవణాల స్ఫటికాలు కంటికి కనిపించనంత చిన్నవిగా చెదిరి ఉంటాయి. వెలుతురు కణం, అంటే ఫోటాన్, స్ఫటికాన్ని తాకితే ఒక ఎలక్ట్రాన్ విడుదలై, దాని సాయంతో ఒక వెండి పరమాణువు ఏర్పడుతుంది. కానీ ఒంటరి పరమాణువు నిలవదు, కాసేపటికి మళ్ళీ పాత స్థితికి పోతుంది. కనీసం మూడు నాలుగు పరమాణువులు ఒకచోట గుంపు కడితేనే ఆ స్ఫటికం మీద గుర్తు పడినట్టు. 1938లో గర్నీ, మాట్ అనే శాస్త్రవేత్తలు ఈ ప్రక్రియను వివరించారు.

ఆ గుర్తు కంటికి కనపడదు. రీలు కడిగేటప్పుడు డెవలపర్ ద్రావణం గుర్తు పడిన స్ఫటికాన్ని మొత్తంగా నల్లటి వెండిగా మారుస్తుంది. నాలుగు పరమాణువుల జాడ కోట్ల రెట్లు పెరిగి నెగెటివ్ మీద నలుపై కూర్చుంటుంది. వెలుతురు తగలని స్ఫటికాలను హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, కరిగించి తీసేస్తుంది.

ఈ పద్ధతిలోనే ఫిల్ము బలమూ ఉంది, బలహీనతా ఉంది. చీకటి భాగాల నుంచి వచ్చే కొద్దిపాటి ఫోటాన్లు గుంపు కట్టించలేవు, అందుకని అక్కడ ఏమీ నమోదు కాదు. వెలుతురు ఎక్కువైతే మాత్రం ఫిల్ము ఓర్చుకుంటుంది. స్ఫటికాలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. పెద్దవి ముందు స్పందిస్తాయి, చిన్నవి తర్వాత. వెలుతురు పెరిగేకొద్దీ మిగిలిన స్ఫటికాలు తగ్గుతాయి కాబట్టి నలుపు పెరగడం మెల్లగా మందగిస్తుంది, ఒక్కసారిగా ఆగిపోదు. 1890లో హర్టర్, డ్రిఫీల్డ్ ఈ తీరును గ్రాఫు గీసి చూపారు. పై చివర ఆ గీత భుజంలా వంగుతుంది. నెగెటివ్ ఫిల్ములో మధుపర్కాల నేత దక్కేది ఆ వంపు వల్లనే.

సిలికాన్ వేసే లెక్క

డిజిటల్ సెన్సర్ వరసలు వరసలుగా పేర్చిన సిలికాన్ గుంటలు. వాననీటి కోసం చూరు కింద వరుసగా చెంబులు పెట్టినట్టు ఊహించుకోండి. సెన్సర్ గ్రహించిన ఒక్కో ఫోటాన్‌కు ఒక్కో ఎలక్ట్రాన్ చొప్పున గుంటలో చేరుతుంది. చివర్లో ఏ గుంటలో ఎన్ని ఉన్నాయో కెమెరా కొలుస్తుంది. గుంపు కట్టాలన్న షరతు లేదు, కొద్దిపాటి వెలుతురూ లెక్కకు వస్తుంది. ఫిల్ము తన మీద పడిన ఫోటాన్లలో నూటికి ఒకటి రెండింటినే సద్వినియోగం చేసుకునేది, నేటి మంచి సెన్సర్లు సగానికి పైగా పట్టుకుంటాయి. రాత్రి పెళ్ళిళ్ళలో ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీయగలుగుతున్నది అందుకే.

అయితే చెంబు నిండాక పడే చుక్క నేలపాలే. ఒక్కో గుంట వేలల్లో, మహా అయితే పదివేలల్లో ఎలక్ట్రాన్లను పట్టగలదు. నిండాక ఎంత వెలుతురు పడినా లెక్క మారదు. ఇక్కడ భుజంలాంటి వంపు లేదు, తిన్నగా వెళ్ళే గీత హఠాత్తుగా తెగిపోతుంది. తెల్లగా తెగిన చోటును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు, ఎందుకంటే అక్కడ సమాచారమే నమోదు కాలేదు.

అలాగని భయపడి మరీ చీకటిగా తీసినా చిక్కే. ఫోటాన్లు వాన చినుకుల్లాగే లెక్క తప్పి పడతాయి. 100 ఫోటాన్లు చేరాల్సిన చోట పది అటూఇటూ అవుతాయి, అంటే పది శాతం తేడా. 10,000 చేరే చోట తేడా నూరే, అంటే ఒక శాతం. నీడల్ని పైకి లేపినప్పుడు కనిపించే ఇసుక రేణువుల్లాంటి నాయిస్ చాలావరకు ఇదే. పైగా 14 బిట్ల రా ఫైలులో, అంటే సెన్సర్ కొలిచిన లెక్కను ఉన్నదున్నట్టు దాచే ఫైలులో, ఉండే 16,384 మెట్లలో సగం, 8,192, అన్నిటికన్నా వెలుతురుగా ఉన్న ఒక్క స్టాపుకే పోతాయి (స్టాపు అంటే వెలుతురు రెట్టింపయ్యే ఒక అంచె). దాని కింది స్టాపుకు 4,096, ఆ కిందిదానికి 2,048. అడుగున నీడలకు మిగిలేవి కొన్నే. జేపెగ్ అయితే ఒక్కో రంగుకు మొత్తం కలిపి 256 మెట్లే. కాబట్టి డిజిటల్‌లో మంచి ఎక్స్‌పోజర్ అంటే తెలుపు తెగకుండా ఎంత వెలుతురు పట్టగలిగితే అంత పట్టడం. అందుకు ఫోటోగ్రాఫర్‌కు దారి చూపేది హిస్టోగ్రామ్, అంటే ఫోటోలో ఏ వెలుతురు ఎంత ఉందో చూపే గ్రాఫు.

చీకటి గదిలోని చేతులు

ఇలా మారుతుందని 1975లో ఎవరూ ఊహించి ఉండరు. ఆ ఏడాది కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన డిజిటల్ కెమెరాలో ఉన్నవి 10,000 పిక్సెళ్ళే. ఒక్క ఫోటోను క్యాసెట్ టేపు మీద రాయడానికి 23 సెకన్లు పట్టేది. అదే కొడాక్‌లో బ్రైస్ బేయర్ పిక్సెళ్ళ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లను పేర్చే అమరికను కనిపెట్టారు. సగం ఆకుపచ్చకు, పావు ఎరుపుకు, పావు నీలానికి. ఇప్పటికీ చాలా కెమెరాలు నడిచేది దాని మీదే. ఫిల్మునే నమ్ముకున్న ఆ కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. మన దేశంలో 'ఇందు' పేరుతో ఫిల్ము తయారుచేసిన ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కూడా మూతపడింది.

కంపెనీల కంటే ముందు మారిపోయినవి చిన్న ఊళ్ళ స్టూడియోలు. చీకటి గదిలో పనిచేసినవాళ్ళ నైపుణ్యం రసాయన శాస్త్రమే. డెవలపర్‌ను 20 డిగ్రీల దగ్గర ఉంచాలి. మన వేసవిలో కుళాయి నీళ్ళే అంతకన్నా వేడి, కాబట్టి ఐసుతో చల్లబరచాలి. నలుపు తెలుపు ప్రింటు కాగితానికి ఎర్ర కాంతి తెలియదు, అందుకే ఎర్ర బల్బు కింద ట్రేలో బొమ్మ తేలుతుంటే చూస్తూ సరైన క్షణంలో తీయగలిగేవారు.

టచింగ్ పని మరీ సున్నితం. ముఖం మీది నల్లమచ్చ నెగెటివ్‌లో పలచటి చుక్కగా ఉంటుంది. అక్కడ సన్నగా చెక్కిన పెన్సిల్‌తో అద్దితే ఆ చోట వెలుతురు తక్కువగా దిగి, ప్రింటులో మచ్చ మాయమవుతుంది. బొమ్మను తిరగేసి ఊహించగల కన్ను ఉండాలి, గోటి వెడల్పు లేని ముఖం మీద వణకని చెయ్యి ఉండాలి. ఫోటోషాప్ వచ్చాక ఈ పని అవసరం లేకపోయింది. కొందరు మౌస్ పట్టి ఆల్బమ్ డిజైనర్లయ్యారు. మరికొందరు వృత్తే వదిలేశారు. యాభై ఏళ్ళు దాటాక చేతిపని విలువ ఒక్కసారిగా పడిపోవడం ఎంత కష్టమో ఆ కుటుంబాలకు తెలుసు. వాళ్ళ పరిజ్ఞానాన్ని ఎవరూ సరిగా రాసిపెట్టలేదు. ఉన్నవాళ్ళను అడిగి ఇప్పుడైనా రాసుకోవాలి.

మిగిలినవాళ్ళకు పని తగ్గలేదు, చోటు మారింది. 36 ఫోటోల రీలు చేతిలో ఉన్నప్పుడు ఆలోచనంతా నొక్కే ముందే. ఇప్పుడు ఒక్క పెళ్ళికి వేల ఫోటోలు, వాటిని ఏరడం, రంగు సరిచేయడం. పగటి వెలుతురుకు తయారైన ఫిల్ము బల్బు కింద పసుపు పచ్చగా వస్తే అది ఫిల్ము గుణం అనుకునేవారు. డిజిటల్‌లో వైట్ బ్యాలెన్స్ నిర్ణయం ఫోటోగ్రాఫర్‌దే, తలంబ్రాల పసుపు ఎంత పసుపుగా ఉండాలో తేల్చాల్సిందీ ఆయనే. ఈ పనికి పట్టే గంటలకు చాలామంది విడిగా డబ్బు ఇవ్వరు.

దాచే బాధ్యత

నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. వాటిని చదవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చాలు. ఫిల్ము కూడా చిరంజీవి కాదు. తేమకు జెలటిన్ మీద బూజు పడుతుంది, రంగు ఫోటోల్లో వర్ణకాలు వెలిసిపోతాయి. అయితే అది మెల్లగా పాడవుతుంది, వెలిసిపోయిన ఫోటోలోనూ తాతగారిని గుర్తుపట్టవచ్చు. హార్డ్ డిస్క్ అలా కాదు, నిన్నటిదాకా పనిచేసి ఇవాళ తెరుచుకోకపోవచ్చు.

డిజిటల్‌కు ఫిల్ముకు లేని వరం ఒకటి ఉంది. ఎన్ని నకళ్ళు తీసినా చివరి నకలు మొదటిదానంత స్వచ్ఛంగానే ఉంటుంది. ఆ వరం నకలు తీసినవాళ్ళకే దక్కుతుంది. కాబట్టి ఫోటోగ్రాఫర్లు రాలో తీయాలి, కనీసం మూడు ప్రతులు ఉంచాలి, అందులో ఒకటి వేరే చోట పెట్టాలి. ఈ శ్రమకు ధరను ఒప్పందంలోనే రాసుకోవాలి. పెళ్ళివారు ఆల్బమ్‌తో పాటు అసలు ఫైళ్ళూ అడిగి తీసుకోవాలి, ముఖ్యమైన వంద ఫోటోలైనా ప్రింటు వేయించుకోవాలి. రీళ్ళ కాలంలో నెగెటివ్ కవరు బీరువాలో పడి ఉంటే చాలు, అదే నిలిచేది. ఇప్పుడు ఎవరో ఒకరు పూనుకొని కాపాడితేనే ఫోటో నిలుస్తుంది. ఆ పని ఎవరిదో పెళ్ళికి ముందే తేల్చుకోవాలి.