ఆటగాడి పేరు ఎవరి సొత్తు?

అమెరికాలో కాలేజీ ఆటలంటే మన కాలేజీల వార్షికోత్సవ పోటీల వంటివి కావు. లక్షమంది కూర్చుని చూసే ఫుట్‌బాల్ మైదానాలు అక్కడి విశ్వవిద్యాలయాలకున్నాయి. టీవీ సంస్థలు కోట్ల డాలర్లు చెల్లిస్తాయి. పేరుమోసిన కోచ్‌ల జీతం ఏడాదికి లక్షల డాలర్లు. ఆడే విద్యార్థికి మాత్రం చాలాకాలం స్కాలర్‌షిప్పు, వసతి, భోజనం, అంతే. తన పేరుతోగాని బొమ్మతోగాని సంపాదించుకుంటే ఎన్.సి.ఎ.ఎ. అనే కాలేజీ క్రీడల సంఘం ఆడనిచ్చేది కాదు.

2010లో జార్జియా విశ్వవిద్యాలయపు ఎ.జె. గ్రీన్ తాను ఆడిన చొక్కాను 1,000 డాలర్లకు అమ్ముకున్నాడని నాలుగు ఆటలకు పక్కన కూర్చోబెట్టారు. ఆ రోజుల్లోనే అతని 8వ నంబరు చొక్కాలు విశ్వవిద్యాలయపు దుకాణంలో అమ్ముడవుతూనే ఉన్నాయి! ఇది న్యాయమని ఎలా అనగలం?

ఎడ్ ఓబానన్ సంగతి ఇంకా విచిత్రం. 1995లో యు.సి.ఎల్.ఎ. బాస్కెట్‌బాల్ జట్టును విజేతగా నిలిపినవాడు. ఏళ్ల తరువాత స్నేహితుని ఇంట్లో పిల్లవాడు ఆడుకుంటున్న వీడియో గేమ్‌లో తన రూపాన్నే చూశాడు. అదే 31వ నంబరు, అదే ఎడమచేతి వాటం. తనను అడిగినవారు లేరు, పైసా ఇచ్చినవారు లేరు. 2009లో దావా వేశాడు, 2014లో న్యాయమూర్తి అతని పక్షాన తీర్పిచ్చారు. చివరకు 2021 జూలై 1 నుండి ఎన్.సి.ఎ.ఎ. ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన మరో ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. మొదటి ఏడాదికి పరిమితి ఒక్కో విద్యాసంస్థకు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

డబ్బు వస్తే చదువు చెడుతుందని, జట్టులో అసూయ పుడుతుందని అక్కడి పెద్దలు వాదించారు. ఆ భయం తీసివేయదగింది కాదు. కాని సంగీతం చదివే విద్యార్థి కచేరీ చేసి పారితోషికం తీసుకుంటే ఎవరూ అడ్డు చెప్పలేదు గదా! కష్టం ఆటగాడిది, పేరూ అతనిదే. ఆ పేరుమీద వచ్చేది అతనికి చెందాలనే నేనంటాను.

అయితే తల్లిదండ్రులారా, ఒక్కమాట. ఫ్లోరిడా ఆటగాడు జర్వాన్ డెక్స్‌టర్ 2022లో ఒక కంపెనీ దగ్గర 4,36,485 డాలర్లు తీసుకున్నాడు. దానికి బదులుగా, వృత్తి క్రీడాకారుడయ్యాక 25 ఏళ్లపాటు తన ఆట సంపాదనలో 15 శాతం ఇస్తానని సంతకం చేశాడు. మరుసటి ఏడాదే కోర్టుకెక్కాడు. ఇరవై ఏళ్ల కుర్రవానికి 25 ఏళ్లంటే ఎంతో ఎలా తెలుస్తుంది? సంతకానికి ముందు ఆ కాగితాన్ని ఇంటి పెద్దలు, ఒక వకీలు చదివి ఉండాలి.

ఇక విదేశీ విద్యార్థులు. మన తెలుగు పిల్లలు వేలాదిమంది అక్కడ ఎఫ్-1 వీసా మీదనే చదువుతున్నారు. అనుమతి లేకుండా బయట పనిచేయరాదన్న నిబంధన వారి ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఆ నిబంధనే విదేశీ ఆటగాళ్లకూ అడ్డుపడింది. ఒకే జట్టులో పక్కవాడు ప్రకటనల్లో నటిస్తుంటే వీరు చూస్తూ ఊరుకోవాలి. కాంగో దేశస్థుడైన ఆస్కార్ షిబ్వే కెంటకీ జట్టులో ప్రముఖుడు. 2022లో జట్టు బహామాస్ దీవులకు వెళ్లినప్పుడు, అమెరికా నేల దాటిన ఆ కొద్ది రోజుల్లోనే అతను ప్రకటనల పని చేసుకోవలసి వచ్చింది.